తోక మార్చాలంటే ముందు చక్రం లేపండి

పోయిన నెల బుల్లెట్ మడ్‌గార్డు తుప్పు గురించి రెండు ముక్కలు రాశాను. దానికి ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ బండి వెనక భాగం మీదే. మార్చాలనుకునేవాళ్ళు, మార్చి ఇరుక్కున్నవాళ్ళు, మార్చినవాడి వెనక కూర్చోలేక బాధపడుతున్నవాళ్ళు. అందుకే ఈసారి అంతా తోక పురాణమే. ఇంజిన్ గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: రెండేళ్ళ కిందట 2012 మోడల్ క్లాసిక్ 350 సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరే దాన్ని బాబర్‌లా చేయించాడు. వెనక మడ్‌గార్డు పొట్టిగా కోసి, ఒంటి సీటు పెట్టించాడు. నాకు కేఫ్ రేసర్, అంటే పాత రేసు బండిలా ముందుకు వంగి నడిపే మోడల్, ఇష్టం. సీటు వెనక బిగించే రెడీమేడ్ ఫైబర్ టెయిల్ (తోక భాగం) ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టి చూస్తే చాసిస్ గొట్టాల కంటే రెండంగుళాలు వెడల్పు తక్కువ. పైగా వెనక గొట్టాలు రెండూ ఎగుడుదిగుడుగా కోసి ఉన్నాయి. మా వీధిలో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ అన్న "గొట్టాలు లోపలికి నొక్కి, గంటలో అతికించి ఇస్తా" అంటున్నాడు. ఇచ్చేయనా?
– ఉద్యోగం వెతుక్కుంటున్న పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇవ్వొద్దు తమ్ముడూ. ఆ అన్న గేటు బాగానే చేస్తాడు. కానీ గేటు మీద కూర్చుని ఎవరూ గుంతల్లో పోరు కదా.

నాదీ ఒక తప్పు చెప్తాను, విను. 1993లో నా దగ్గర ఆర్ఎక్స్ 100 ఉండేది. అప్పటికి పుత్లీబౌలిలో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని బయటికొచ్చి రెండేళ్ళు. నాకంటే మొనగాడు లేడనుకునే వయసు. రేసు బండి బొమ్మ ఒకటి చూసి, అలాగే సీటు వెనక ఎద్దు మూపురంలా లేచే టెయిల్ చేసి బిగించాను. స్టాండు వేసి చూస్తే చక్రానికీ టెయిల్‌కీ మధ్య నాలుగు వేళ్ళ సందు. చాలనుకున్నాను. ఆ సాయంత్రం మా బావమరిది ఎక్కాడు. ఎనభై అయిదు కిలోల మనిషి, సీటు లేదురా అంటే మూపురం మీదే కూర్చున్నాడు. నారాయణగూడ దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద "బర్ర్" మని ఒక చప్పుడు. సైలెన్సర్ అనుకుని పోతూనే ఉన్నాను. హిమాయత్‌నగర్‌లో వెనక ఆటో అతను పక్కకొచ్చి తిట్టినదాకా నాకు తెలియలేదు, వెనక లైటు లేదని. ఇంటికొచ్చి చూస్తే టైరు టెయిల్ అడుగున పోతున్న వైరును నమిలేసింది. రాగి తీగ బయటపడి, దువ్వెన పళ్ళలా విడిపోయి ఉంది. ఆ నాలుగు వేళ్ళ సందు బండి నిలబడి ఉన్నప్పటి సందు. షాకప్ (షాక్ అబ్జార్బర్) పూర్తిగా దిగినప్పుడు ఎంత మిగులుతుందో నేను చూడనే లేదు.

కాబట్టి నీ బండి మీద మొదటి పని వెల్డింగ్ కాదు, చక్రం లేపడం. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి కదలకుండా కట్టు. షాకప్‌లు రెండూ ఊడదీయి. షాకప్ రాడ్డు బయటికి ఎంత కనబడుతుందో, కింది బంప్ రబ్బరు (షాకప్ దిగినప్పుడు తగిలి ఆగే రబ్బరు) దాకా కొలిచి రాసుకో. ఇప్పుడు వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రాన్ని అంత మేరా పైకి లేపు. అదిగో, గుంతలో పడ్డప్పుడు నీ టైరు వచ్చి కూర్చునే చోటు అదే. అక్కడి నుంచి టెయిల్ అడుగుకూ, వైరుకూ, నంబర్ ప్లేటు బోల్టుకూ కనీసం అంగుళం ఉండాలి. చైను టైటు చేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, అదీ లెక్కలో వేసుకో. లోపలికి పొడుచుకొచ్చే బోల్టులను తలకిందులుగా వేయాలి: తల చక్రం వైపు, మర పైకి.

షాకప్ ఊడదీయడం నీ వల్ల కాకపోతే చిన్న కిటుకుంది. చపాతీ పిండి ముద్దను పాల కవర్‌లో చుట్టి టెయిల్ అడుగున టేపుతో అంటించు. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని మెల్లగా రెండు స్పీడ్ బ్రేకర్లు దాటు. ముద్ద చదునైతే నీకు చోటు లేనట్టే. మా ఇంట్లో దీని మీద గొడవైంది, పిండి కొలిచి కలుపుకోమని నాకు ఆర్డరు.

ఇక గొట్టాల సంగతి. వెడల్పు సరిపోలేదని చాసిస్‌ను లోపలికి నొక్కించడం అన్నిటికంటే పెద్ద తప్పు. తలకు తగ్గట్టు టోపీ కుట్టించుకుంటాం గానీ టోపీకి సరిపోలేదని తల చెక్కుకోం. ఫైబర్‌ను వెడల్పు చేయించడం చాలా తేలిక. టెయిల్‌ను నడిమధ్య పొడుగ్గా కోసి, రెండంగుళాలు ఎడం చేసి, మధ్యలో మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) పరిచి, గట్టిపడే జిగురు లాంటి రెజిన్ వేస్తారు. ఫైబర్ పని చేసేవాళ్ళకు ఇది రోజూ ఉండే పనే. పుట్టీ పట్టి పెయింట్ కొడితే అతుకు కూడా కనబడదు.

పాత ఓనరు కోసేసిన గొట్టాలను మాత్రం కంపెనీ ఇచ్చిన పొడవుకు తిరిగి తేవాల్సిందే. అలాంటిదే కోయని బండి ఒకటి పక్కన పెట్టుకుని కొలతలు తీసుకో. ఆ పని ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగ్ వాళ్ళ దగ్గర చేయించు. బాలానగర్ వైపు మంచి చేతులున్నాయి. కోసిన చివర్లను ముందు నున్నగా, నిటారుగా చేయాలి. పాత గొట్టం ఎంత మందం ఉందో అంతే మందం గొట్టం తేవాలి. రెండిటి లోపలా బిగుతుగా దూరే స్లీవు, అంటే మూడంగుళాల చిన్న గొట్టం ముక్క, సగం అటు సగం ఇటు పోవాలి. గొట్టానికి చిన్న బెజ్జాలు వేసి, ఆ బెజ్జాల్లోంచి లోపలి స్లీవును వెల్డ్ చేశాక, అప్పుడు చుట్టూ అతుకు. స్లీవు లేకుండా అంచుకు అంచు అతికిస్తే, పైన గ్రైండర్ కొట్టి ఎంత అందంగా చేసినా సింగిల్ సిలిండర్ వణుకుడుకు ఆ అతుకు పక్కనే పగులుతుంది. వెల్డ్ పక్కన, వెల్డ్ మీద కాదు. అక్కడే లోహం వేడికి గట్టిపడి పెళుసెక్కి ఉంటుంది. మన షాపుల్లో కుర్రాళ్ళు వెల్డింగ్ కాగానే తడిగుడ్డ వేస్తారు చూడు, "ఛుయ్" మని. వేయనివ్వకు. దానంతటది చల్లారాలి.

ముందుగా నాలుగు చోట్ల టాక్ (చుక్క వెల్డ్) మాత్రమే వేయించి, హ్యాండిల్ మెడ నుంచి వెనక గొట్టాల దాకా నూలు దారం లాగి చూడు. రెండు వైపులా దూరం ఒకటేనా అని. తేడా ఉంటే టాక్ కోయడం అయిదు నిమిషాల పని, పూర్తి వెల్డ్ కోయడం అయిదు గంటల పని. ట్యాంకు బండి మీద ఉంచి వెల్డింగ్ చేయనివ్వకు. తీసి దూరంగా పెట్టు. పెట్రోలు ఖాళీ చేశానుగా అంటారు కొందరు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ తీసేయ్, ఇగ్నిషన్ బాక్స్ కప్లర్ (వైర్ల సాకెట్) కూడా పీకేయ్. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చోటికి జానెడు దూరంలోనే పెట్టించు. ఎక్కడో ముందు చక్రానికి తగిలిస్తే ఆ కరెంటు బేరింగుల గుండా పోతుంది.

గొట్టాలు సరయ్యాక టెయిల్‌ను మాత్రం వెల్డ్ చేయొద్దు. మూడు మిల్లీమీటర్ల పట్టీతో బ్రాకెట్లు చేయించి, రబ్బరు బుష్షులు, వెడల్పాటి వాషర్లు వేసి బోల్టులతో బిగించు. రేపు నచ్చకపోతే పానాతో ఊడొస్తుంది.

ఒక మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఉంది: కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నీ ఆర్‌సీ తీసి చూడు, సీటింగ్ కెపాసిటీ రెండు అని ఉంటుంది. నువ్వు పెట్టబోయే మూపురం టెయిల్‌కు ఒక్కడే. అందుకే కోసిన గొట్టాన్ని పాత పొడవుకు తెమ్మంటున్నాను. అది రిపేరు. కొత్త ఆకారంలో చాసిస్ వెల్డ్ చేయించడం వేరే కథ. ఆర్‌టీఏలో అడగకుండా రోడ్డెక్కకు. ఇన్సూరెన్స్ వాళ్ళకు కూడా చెప్పి ఉంచు. యాక్సిడెంటయ్యాక సర్వేయరు ఫొటోలు తీస్తున్నప్పుడు చెప్పడం కన్నా అది నయం.

ఉద్యోగం రాకముందే ఇంత ఖర్చు ఎందుకయ్యా అని అడగాలనిపించింది. 1993లో నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనూ అడగను.

ప్రశ్న: టెయిల్ మార్చాక ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టాను. గబగబా కొట్టుకుంటున్నాయి. పైగా ఎడమ వైపు వేస్తే నాలుగూ వెలుగుతున్నాయి. టెన్షన్‌గా ఉంది, వైరింగ్ మొత్తం పోయిందా?
– మెహిదీపట్నం

జవాబు: ఏమీ పోలేదు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

పాత బల్బు ఒక్కోటి పది వాట్లు. ఒక వైపు రెండు కలిపి ఇరవై. ఇండికేటర్లను కొట్టించే డబ్బీ, అదే ఫ్లాషర్, ఆ లోడుకు అలవాటు పడి ఉంటుంది. ఎల్ఈడీ లాగేది ఒకటో రెండో వాట్లు. ఫ్లాషర్‌కు బల్బు కాలిపోయిందేమో అనిపించి గబగబా కొడుతుంది. కొన్ని బండ్లలో అసలు కొట్టనే కొట్టదు. ఎల్ఈడీ ఫ్లాషర్ అని అడిగి తెచ్చి మార్చెయ్యండి. రెసిస్టర్ పెట్టమని కొందరు చెప్తారు. అది వేడెక్కి పక్కనున్న ఫైబర్‌నో వైరునో కాలుస్తుంది, నాకు ఇష్టం లేదు.

రెండోది, మీటర్‌లో ఇండికేటర్ గుర్తుకు ఒకే ఒక బల్బు ఉండటం వల్ల. దాని ఒక వైరు ఎడమకు, ఒకటి కుడికి. ఎడమ వేసినప్పుడు ఆ బల్బు గుండా కాస్త కరెంటు కుడి వైపుకు పోతుంది. పాత బల్బులకు అది చాలదు, ఎల్ఈడీకి చాలు. కోఠి గుజరాతీ గల్లీలో వన్ ఎన్ 4007 డయోడ్లు (కరెంటును ఒక వైపే పోనిచ్చేవి) రెండు కొనండి, టీ ఖర్చు కూడా కాదు. మీటర్ బల్బుకు వచ్చే రెండు వైర్లకూ చెరొకటి పెట్టి, వెండి గీత ఉన్న వైపు రెండూ కలిపి బల్బు ఒక కొసకు ఇచ్చి, రెండో కొస ఎర్త్ చేయండి. కలిపిన చోట టేపు చుట్టి వదిలేయకండి, వైరు మీద వేసే ప్లాస్టిక్ స్లీవు తొడగండి. మన ఎండకు టేపు జిగురు కారి పోతుంది.

ప్రశ్న: మా వారు బండి వెనక భాగం మొత్తం మార్చి చిన్న టెయిల్ పెట్టించారు. సారీ గార్డు, వెనక పట్టుకునే హ్యాండిల్ రెండూ తీసేశారు. రోజూ నన్ను ఎల్బీనగర్ మెట్రో దగ్గర దింపుతారు. భయంగా ఉంది అంటే "గట్టిగా నన్ను పట్టుకో" అంటారు. మీరేమంటారు?
– వనస్థలిపురం

జవాబు: అమ్మా, ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.

అన్నా, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం మీ ఆవిడ కోసమే రాసినట్టు ఉంటుంది. వెనక మనిషి కూర్చునే ఏర్పాటు ఉన్న బండికి పట్టుకోవడానికి కదలని హ్యాండిల్, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి. బట్టలు చక్రంలో చిక్కకుండా అని అందులోనే ఉంది. ఆ అడ్డును మనం ఉత్త ఇనుప జాలీ అనుకుని ముందు అదే పీకి పారేస్తాం.

ఒకసారి నా షాపు ముందే ఒక కాలేజీ అమ్మాయి చున్నీ చక్రంలో పడింది. బండి అప్పుడే కదిలింది, నడక వేగం. అయినా చున్నీ ఎంత గట్టిగా చుట్టుకుందంటే, చైను స్ప్రాకెట్‌కూ హబ్‌కూ మధ్య తాడులా మెలిపడిపోయింది. హ్యాక్సా బ్లేడుతో పోగు పోగు కోసి తీయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పిల్ల భుజానికి పిన్ను పెట్టుకోలేదు కాబట్టి చున్నీ జారిపోయింది. చీర జారిపోదు కదా.

మీకు చిన్న టెయిల్ అంత ఇష్టమైతే ఉంచుకోండి. సారీ గార్డు టెయిల్‌కు తగిలించేది కాదు. ఎడమ వైపు షాకప్ బోల్టుకూ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కూ బిగుస్తుంది. నల్ల పౌడర్ కోటింగ్ కొట్టిస్తే కంటికి ఆనదు కూడా. హ్యాండిల్‌కు పాతదే వాడాలని లేదు. సీటు పక్కన చాసిస్‌కు ఉన్న కంపెనీ బెజ్జాల్లోనే కడ్డీ ఒకటి వంచి బిగించవచ్చు. ఫైబర్ టెయిల్‌కు మాత్రం బిగించకండి, పట్టుకుని లాగితే టెయిల్‌తో సహా ఊడి చేతికొస్తుంది. వాన పడినప్పుడు ఆ చిన్న టెయిల్ కింద నుంచి బురద ఆమె వీపు మీదకే ఎగురుతుంది. స్వింగ్ ఆర్మ్‌కు బిగించే అడ్డు ఒకటి దొరుకుతుంది, అదీ పెట్టించండి.

అమ్మా, ఆయన వినకపోతే ఆటోలో వెళ్ళి, డబ్బులు ఆయన దగ్గర వసూలు చేయండి. నాలుగు రోజుల్లో సారీ గార్డు వచ్చేస్తుంది.

ప్రశ్న: టెయిల్ నేనే సొంతంగా చేయాలనుకుంటున్నాను. ఇరవై గేజ్ రేకు మంచిదా, ఫైబర్ మంచిదా? లేత్ పని చేస్తాను, రేకు పని కొంచెం వచ్చు.
– కుషాయిగూడ

జవాబు: ఇరవై గేజ్ అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, గట్టి రేకే. చేతికొచ్చిన పని కాబట్టి రేకే చేయండని చెప్పేవాణ్ణి. కానీ మూపురం రెండు దిక్కులా వంపు తిరుగుతుంది. దాన్ని ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో కొట్టి తీయాలంటే డెంటింగ్‌లో చేయి తిరిగిన మనిషి కావాలి. మొదటిసారికి ఫైబర్ చేయండి.

అచ్చుకు థర్మకోల్ వాడతారు కదా, నేనూ వాడాను. చక్కగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, సంబరంగా రెజిన్ పూశాను. పావుగంటలో నా మూపురం వేసవిలో ఐస్‌క్రీములా కుంగిపోయింది. పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ను కరిగించేస్తుంది. ముందు బ్రౌన్ టేపు సందు లేకుండా అంటించి, దాని మీద మైనం రుద్ది, ఆ తర్వాతే రెజిన్.

నూరు గ్రాముల రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకటి నుంచి రెండు గ్రాములు. మే నెలలో మన ఊళ్ళో ఒకటే చాలు, అదీ పొద్దున్నే. మధ్యాహ్నం చేస్తే డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తాయి. ఇంకోటి, ఇది నవ్వులాట కాదు: కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) సీసా, హార్డెనర్ సీసా రెండిటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ పోయాలి. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టకండి. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు. ఇంట్లో కాదు, డాబా మీద చేయండి.

బోల్టు పడే చోట్ల మ్యాట్ రెండు పొరలు ఎక్కువ వేయండి. ఫైబర్ టెయిల్ ఎప్పుడు పగిలినా బెజ్జం దగ్గరే మొదలవుతుంది.

ప్రశ్న: చిన్న టెయిల్ పెడితే బరువు తగ్గి మైలేజీ పెరుగుతుందా?
– మల్కాజిగిరి

జవాబు: లేదు. టైర్లలో గాలి చూసుకోండి.

ప్రశ్న: కొత్త టెయిల్‌కు నంబర్ ప్లేటు ఎక్కడ పెట్టాలి? చక్రం పక్కన పెడితే స్టైల్‌గా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. పాత టెయిల్, సీటు అమ్మేద్దామనుకుంటున్నాను, ఎంతొస్తుంది?
– తార్నాక

జవాబు: ప్లేటు వెనకే, నిటారుగా, దాని మీద లైటు పడేలా. హై సెక్యూరిటీ ప్లేటు 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు. మీ బ్రాకెట్ అంతకంటే చిన్నదిగా చేయించి ప్లేటును వంచకండి. దాని స్నాప్ లాక్ ఒకసారి తీస్తే విరిగిపోతుంది, మళ్ళీ అధికారికంగా బిగించేవాళ్ళ దగ్గరికే పోవాలి. కాబట్టి ప్లేటును ఊడదీయకుండా, దాని కింది బ్రాకెట్‌తో సహా జరిపే దారి చూడండి. చక్రం పక్కన పెడితే స్టైలు సంగతేమో గానీ చలానా రాసే అతనికి మీరు ముందే కనబడతారు.

పాత టెయిల్ అమ్మొద్దు. మీ ప్లేటు మీద టీఎస్ ఉందో టీజీ ఉందో రాయలేదు, ఏదైనా సరే. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ళు నిండాక బండిని తీసుకెళ్ళి చూపించి రెన్యువల్ చేయించాలి. ఆ రోజు ఒరిజినల్ సీటు, మడ్‌గార్డు, సారీ గార్డు బండి మీద ఉండాలి. అమ్మేస్తే అప్పుడు మళ్ళీ పుత్లీబౌలిలో రెండింతలు పెట్టి వెతుక్కుంటారు. బోల్టులన్నీ పాత టిఫిన్ డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెట్టండి. సీటును మాత్రం అటక మీద గోనెసంచిలో చుట్టకండి, ఎలుకలు ముందు ఫోమే కొరుకుతాయి. ఇనుప బీరువా పైన పెట్టండి.